వనపర్తి పేరు, గద్వాల ముద్ర

దగ్గరికి జరుగు బిడ్డా. ఇంకాస్త. ఈ వారం చెప్పేది గట్టిగా చెప్పే మాట కాదు. గట్టిగా చెప్పాలని చూస్తే నా గొంతు నా మాట వినదు.

పోయిన వారం ఎక్కడ ఆపాను? నా చిన్న కొడుకు బాసిత్ నా తల మీద చేయి పెట్టిన దగ్గర. వడ్డేపల్లిలో వాడి విత్తనాల దుకాణం ముందు రైతులు గుమిగూడి ఉన్నారు. మిరుగం కార్తె తొలి వానకు వాళ్లు విత్తిన పల్లి గింజ మొలవలేదు. ఆ విత్తనం అమ్మింది బాసిత్. వాడికి పంపింది వనపర్తి విత్తనాల సంఘం. ఆ సంఘాన్ని నడిపే శ్రీనాథ్ ఏమంటాడంటే, పంపాక మళ్లీ పరీక్ష చేయించాను, విత్తనం చచ్చిందని తేలింది, బస్తాలు అమ్మకుండా ఆపమని వెంటనే మెయిల్ పెట్టాను అంటాడు. బాసిత్ ఏమన్నాడో నీకు తెలుసు. "అమ్మీ తల మీద కసమ్. నాకు ఏ మెయిల్ రాలేదు" అన్నాడు.

మన వైపు ఒట్టంటే ఏమిటో నేను వేరే చెప్పాలా? తల్లి తల మీద చేయి పెట్టాక ఎవరూ ఇంకో మాట అడగరు. అడిగితే ఆ తల్లిని నడిబజారులో నిలబెట్టినట్టు. అందుకే అంతమంది రైతులూ బాసిత్ నుంచి మొహాలు తిప్పి శ్రీనాథ్ మీదికి మళ్లారు.

ఆ పిల్లవాడు యూరియా బస్తా మీద కూర్చుని ఉన్నాడు. చొక్కా గుండీలు ఊడిపోయి ఉన్నాయి. విత్తనం మొలవలేదని తెలియగానే వనపర్తి నుంచి తనంతట తానే వచ్చాడు, ఎవరూ పట్టుకురాలేదు. ఆ సంగతి ఇప్పుడు ఎవరికీ గుర్తు లేదు.

"అన్నా, నేను మెయిల్ పెట్టిన. చేరిందని తెలిసినంకనే పండుకున్న" అంటున్నాడు.

"పెట్టినవు, పెట్టినవు. గాలిల పెట్టినవా?"

"ఉత్తరం రాకపోతే పోస్టుమ్యాన్‌నన్న అడుగుతుంటిమి. నీ మెయిల్‌కు ఎవర్ని అడగాలె, మబ్బునా?"

"మబ్బు గూడ పాయెగదరా, ఏడున్నదని అడుగుతవు?"

ఎవరో నవ్వారు. ఆ నవ్వు నవ్వులా లేదు. సాయంత్రం వ్యవసాయ ఆఫీసరు వస్తాడు, ఆయన ముందు శ్రీనాథ్ పేరు చెప్పి, అక్కడినుంచి ఠాణాకు తీసుకుపోవాలని వాళ్లు అనుకున్నారు. తెలిసి తెలిసి చచ్చిన విత్తనం అంటగట్టాడన్న నింద వాడి మీద పడితే, ఇక ఆ సంఘమూ ఉండదు, ఆ పిల్లవాడికి ఈ మూడు జిల్లాల్లో తలెత్తుకునే చోటూ ఉండదు.

రామన్న ఒక్కడు అరవలేదు. ఇటిక్యాల వైపు చెలక, వాన మీదే పండే ఎర్రమట్టి పొలం, కౌలుకు పట్టిన రైతు. తువ్వాల ముడి విప్పి అందులోంచి ఒక గింజ తీసి నా అరచేతిలో పెట్టాడు.

"చూడు బీబమ్మా."

పైన తోలు ఎర్రగా, బతికున్నట్టే ఉంది. వేళ్ల మధ్య నొక్కితే లోపల నల్లబడిన పిండి. పులిసిన వాసన.

"మా ఇంటామె మల్లమ్మ తెల్లారంగనె చెలకకు పోయి వంగి వంగి చూస్తుండె. ఈడ పగిలింది, ఈడ మట్టి లేసింది అని చెప్తుండె. ఇప్పుడు పోతలేదు. కుండ కాడ కూసుంటది. అన్నం తినే అంటే తింటది. మాట్లాడదు."

ఆ గింజను పడేయలేక పిడికిట్లోనే పట్టుకున్నాను.

అప్పుడు వచ్చింది ఫరా. నా పెద్ద కొడుకు దావూద్ కూతురు. గద్వాల బస్సు దిగి, భుజాన ల్యాప్‌టాప్ సంచి రెండు చేతులతో హత్తుకుని, జనాన్ని తప్పించుకుంటూ వచ్చింది. ఎవరితోనూ మాట్లాడకుండా నా కొంగు పట్టి దుకాణం వెనక బస్తాల మధ్యకు తీసుకుపోయింది.

ఈ పిల్ల చేసే పని నాకు అర్థమైనంత నీకు చెబుతాను. మా దావూద్ గద్వాలలో చీర అంచులకు పట్టు నూలు రంగు అద్దుతాడు. కింద రంగు బానలు, పైగదిలో ఫరా. ఎక్కడో దూరాన ఒక మిషన్‌ను అద్దెకు తీసుకుంది, దాన్ని మెయిల్ సర్వర్ అంటారు. తాను ఇక్కడ కూర్చుని దానికి పని చెబుతుంది. గద్వాల చీరల సంఘం, వనపర్తి విత్తనాల సంఘం, నాగర్‌కర్నూల్లో రెబెకమ్మ రక్తపరీక్షల కేంద్రం, ఈ మూడింటి మెయిళ్లనూ ఆ ఒక్క మిషనే మోస్తుంది. మిషన్ ఒకటే అయినా ఎవరి మెయిళ్లు వాళ్ల పేరునే పోతాయి. ఆ పేరును ఫరా డొమైన్ అంటుంది. నేను ఇంటిపేరు అంటాను.

మెయిల్ చూడడం నాకూ కొంత వచ్చు. చదవడం కాదు, చూడడమే. దావూద్ చేతులు పొద్దంతా రంగులో ఉంటాయి కనుక ఫోన్ నా ఒళ్లో పెడతాడు. "దాదీ, తెరవని మెయిల్ వరుస లావుగ ఉంటది. తెరిసి చూసినంక సన్నబడ్తది. లావుది కనవడితే అబ్బాను పిలువు" అని ఫరా నేర్పింది. లావు వరుస కనిపిస్తే కొడుకును పిలుస్తాను. ఫోన్ సంగతిలో నా చదువు అంతే.

బస్తాల మధ్య ఆ పిల్ల మొహం చూస్తే జ్వరం వచ్చినట్టుంది.

"దాదీ, శ్రీనాథన్న అబద్ధం చెప్తలేడు."

"అయితే నా కొడుకు చెప్తుండా?"

"చాచా గూడ చెప్తలేడు. తప్పు నాది."

సంచి నేల మీద పెట్టి, దాని పక్కనే కూలబడింది.

"మా మిషన్ పోయే ప్రతి మెయిల్‌కు ఒక ముద్ర ఏస్తది దాదీ. కంటికి కనవడదు. ఇది నిజంగ ఫలానా ఇంటి నుంచే వచ్చిందని ఎదుటి మిషన్ ఆ ముద్ర చూసి నమ్ముతది. మొదలు గద్వాల సంఘానికి ముద్ర చేసిన. దానికి మంచి పేరొచ్చింది, ఏడికి పంపినా తలుపు తీస్తుండ్రి. ఎనక వనపర్తోళ్లు వచ్చిండ్రు. కొత్త పేరు, ఎవరు నమ్ముతరు అనుకున్న. వాళ్ల మెయిళ్లకు గూడ గద్వాల ముద్రనే ఏయిమని మిషన్‌కు చెప్పిన."

"అండ్ల తప్పేమున్నదే?" అన్నాను. నిజంగానే నాకు తెలియలేదు.

నీకూ తెలియదు, ఎందుకంటే నీవు కూడా ఈ నేల బిడ్డవే. గద్వాలలో కొత్తగా మగ్గమెక్కినవాడి చీర సొంత పేరున బజారుకు పోదు. మా వీధిలో అయితే మాస్టర్ శ్రీశైలం ముద్ర మీద పోతుంది. వాడి చెయ్యి కుదిరేదాకా పెద్దాయన పేరే వాడికి గొడుగు. అందులో మోసం లేదు. చీరలో లోపం వస్తే మాట పడేది పెద్దాయనే. ఫరా ఆ మగ్గాల చప్పుడులో పెరిగిన పిల్ల. కొత్తవాడి మీద పాతవాడి పేరు కప్పడం ఆమెకు ఒకరు నేర్పింది కాదు, తల్లి పాలతో వచ్చింది.

"గేటు కాడుండే మిషన్‌కు మన శ్రీశైలం తాత తెల్వదు దాదీ. అది పేరు చూస్తది, ముద్ర చూస్తది. పేరేమో వనపర్తి, ముద్రేమో గద్వాల. ఎవడో ఇంకొకరి పేరు పెట్టుకొని వచ్చిండు అనుకుంటది."

"మరి మొదట్ల పోయినయని లడ్డూలు పంచితివి గదా?"

"పోయినయి. అప్పుడు గేట్ల గంత గట్టిగ లేకుండె. ఎండకాలంల ఎవడో వనపర్తి సంఘం పేరు మీద దొంగ మెయిళ్లు పంపిండు, యాదికున్నదా? శ్రీనాథన్న పరేషాన్ అయ్యి, ఏదన్న చెయ్యి చెల్లె అన్నడు. అప్పుడు నేనే రాసిపెట్టిన దాదీ. లోకంల ఉన్న గేట్లన్నిటికి కనవడేటట్టు రాసిన. వనపర్తి పేరున వచ్చి, వనపర్తి ముద్ర లేనిదాన్ని పక్కకు పడేయుండ్రి అని. రాసిన చెయ్యి నాదే. వాళ్ల సొంత మెయిళ్లు గద్వాల ముద్ర మీద పోతున్నయని మర్సిన చెయ్యి గూడ నాదే. రాసినంక ఒక్కసారి పంపి చూడలె."

"పక్కకంటే ఏడికి?"

"స్పామ్ అని ఒక అర ఉంటది. మోసపు మెయిళ్లు, పనికిరానియి పడే అర. దాన్ని ఎవ్వరు తెరిసి చూడరు."

"మరి చేరిందని శ్రీనాథ్‌కు చెప్పింది ఎవరు?"

ఆ పిల్ల సంచి పట్టీ వేలికి చుట్టుకుంది.

"నేనే. నా మిషన్ల, ఇచ్చినం, వాళ్లు తీసుకున్నరు అని ఉండె. అది నిజమే. గేటు కాడ తీసుకున్నరు. తీసుకొని ఏ అరల ఏసిండ్రో నాకు చెప్పరు గదా. నేను చేరిందన్నా, నువ్వు పండుకో అన్న. గట్ల అనకుంటే ఆయన చాచాకు ఫోన్ చేస్తుండె. ఫోన్ చేస్తే చాచా బస్తాలు ఆపుతుండె."

బయట ఎవరో శ్రీనాథ్‌ను లే, లే అంటున్నారు. పిల్ల లేచింది. నేను పో అనలేదు, ఆగు అనలేదు. ఏమంటే ఏం మిగులుతుంది? నిజం చెబితే ఈ పిల్ల కట్టుకున్న పని మట్టిలో కలుస్తుంది. చెప్పకపోతే ఏ పాపమూ ఎరగని పిల్లవాడు ఠాణాకు పోతాడు. రెండింటిలో ఏది జరిగినా రామన్న చెలక మాత్రం ఎర్రగా, బోసిగా అలాగే ఉంటుంది.

ఫరా జనం మధ్యకు పోయి నిలబడింది.

"ఈ పోరి ఎవరు?"

"గద్వాల దావూద్ సాయిబు బిడ్డ. రంగులేసేటోళ్లు."

"రంగులేసేటోళ్లకు విత్తనాల కాడ ఏం పని? గింజలకు రంగేస్తదా?"

ఆ మాటలు పట్టించుకోలేదు. నాకు చెప్పినట్టే వాళ్లకూ చెప్పింది. ముద్ర సంగతి, గేటు సంగతి, అర సంగతి.

"అంటే మిషన్ తప్పా?" అన్నాడొకడు.

"మిషన్ నేను చెప్పినట్టే చేసింది. తప్పు నాది."

శ్రీనాథ్ తలెత్తి ఆమెను చూశాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. "చేరిందంటివి గద చెల్లె" అన్నాడు. అంతే. దానికన్నా చెప్పుతో కొట్టినా బాగుండేది.

రామన్న ముందుకొచ్చాడు. "నాకు నీ మిషన్ తెల్వదు బిడ్డ. ఒక్క మాట చెప్పు. గా ముద్ర ఇప్పుడు సరిచేస్తవా?"

"పొద్దుగాలనే సరిచేసిన తాత. వనపర్తికి వనపర్తిదే, నాగర్‌కర్నూల్‌కు వాళ్లదే. ఎవరి ముద్ర వాళ్లకు చేసిన. ఇగ తప్పిపోవు."

"సరిచేసినవా. మంచిగైంది." ఆయన తువ్వాల ముడి మళ్లీ వేసుకున్నాడు. "నాది మాత్రం మట్టిలనే ఉన్నది."

వెనకనుంచి ఒకడు, "ముద్రలు, గేట్లు మాకు తెల్వయి. ఆ అర తెరిసి చూపియ్యుండ్రి. మెయిల్ అండ్ల ఉంటే శ్రీనాథ్‌ను ఇడుస్తం" అన్నాడు.

"చూసేదేముంది?" అన్నాడు బాసిత్. "పిల్ల చెప్తనే ఉన్నది గద, నాకు రాలేదని. ఇంటికి పోండ్రి."

"చూపిస్తే నీ సొమ్మేం పోతది సేటూ?"

"ఫోన్ల చార్జింగ్ లేదు."

సరిగ్గా అప్పుడే వాడి జేబులో ఫోన్ మోగింది.

"అరె, సేటు ఫోన్ సచ్చినంక గూడ మోగుతది!" అన్నాడు ఇందాక మబ్బు పోయిందన్నవాడే. ఈసారి నవ్వు నిజంగానే వచ్చింది వాళ్లకు. బాసిత్ కూడా నవ్వాడు. వాడి నవ్వు నాకు పుట్టినప్పటినుంచీ తెలుసు. ఆ నవ్వు అది కాదు.

"ఇయ్యి చాచా" అని ఫరా చెయ్యి చాపింది. "నీ మంచికే. నువ్వు సచ్చా, నిజమే చెప్పినవని అందరికి తెలుస్తది."

పిచ్చి పిల్ల. నిజంగా అలాగే అనుకుంది. చిన్నప్పుడు వాడి సైకిల్ ముందు కడ్డీ మీద కూర్చుని కృష్ణ ఒడ్డు దాకా పోయి వచ్చిన పిల్ల అది. వాడు ఫోన్ ఇచ్చాడు. ఇవ్వక ఏం చేస్తాడు, అంతమంది చూస్తుంటే.

నేను ఆమె భుజం పక్కనే నిలబడ్డాను. ఫరా ఏదో నొక్కింది, ఏదో తెరిచింది. "ఇదే అర" అంది. వరుసలు వరుసలుగా మెయిళ్లు. అన్నీ లావుగా ఉన్నాయి. లాటరీలో, లోన్లో, ఏం పాడో, ఎవరూ తెరవనివి. బొటనవేలితో పైకి జరుపుతోంది. లావు, లావు, లావు. వేలు ఆగింది.

ఆ ఒక్క వరుస సన్నగా ఉంది.

నా కళ్లకు శుక్లాలు తీశారు, చూపు మళ్లీ మసకబారిందేమో అనుకుని ఇంకోసారి చూశాను. పైవరుస లావు. కింది వరుస లావు. నడుమ అది సన్నగా, ఉతికి ఆరేసిన నూలు పోగులా. మెయిల్ ఆ అరలోనే పడింది, నిజం. పడ్డదాన్ని ఎవరో తెరిచారు. తెరిచి, చూసి, మూసి, మళ్లీ ఆ అరలోనే ఉండనిచ్చారు.

ఫరా నా వైపు తిరగలేదు. చప్పున ఆ వరుస మీద వేలు పెట్టింది. మెయిల్ ఫోన్ నిండా తెరుచుకుంది, ఇక సన్నమూ లేదు, లావూ లేదు. ఫోన్ ఎత్తి జనానికి చూపించింది.

"ఉన్నది. చూడుండ్రి."

శ్రీనాథ్ లేచి వచ్చి తన మాటలు తానే చదివాడు. పరీక్షలో విత్తనం పోయింది, బస్తాలు ఆపండి, ఒక్కటి కూడా అమ్మవద్దు. చదువుతూ చదువుతూ ఏడ్చాడు. ఇందాక వాడి కాలర్ పట్టుకున్నవాడే చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చాడు. "మాఫ్ చెయ్యి తమ్మి" అన్నాడు నేల చూస్తూ.

ఆ తర్వాత అందరి కళ్లూ ఫరా మీద పడ్డాయి. అనవలసినవి అన్నారు. ఊరి విత్తనాన్ని ఒక పోరి చేతిలో పెట్టారని, చదువు ఎక్కువై నెత్తికెక్కిందని, రంగు బానలు కడుక్కోక ఈ పనులెందుకని. పిల్ల అన్నిటికీ తలవంచుకునే ఉంది. ఆ సన్న వరుస సంగతి ఒక్క మాట అంటే చాలు, సగం భారం దిగుతుంది. అనలేదు.

అప్పుడు బాసిత్ జనాన్ని తోసుకుంటూ వచ్చి ఫరా తల మీద చెయ్యి పెట్టాడు. "చిన్న పిల్ల. తప్పాయె. నా మొహం చూసి ఇడిసిపెట్టుండ్రి" అన్నాడు.

నా తల మీద పెట్టిన చెయ్యే బిడ్డా. అదే చెయ్యి.

జనం మెత్తబడ్డారు. సేటుది పెద్ద మనసు అన్నారు ఒకరిద్దరు. రామన్న ఒక్కడు వాడినీ చూడలేదు, ఫరానూ చూడలేదు. ఎంతసేపటినుంచో నన్నే చూస్తున్నాడు. గింజ మొలిచిందా లేదా అని మట్టిని వంగి చూసే కళ్లు అవి, ఏది మారినా పట్టేస్తాయి.

"బీబమ్మా" అన్నాడు. "ఫోన్ల నీకేమో కనవడ్డది. నీ మొహం తెల్లగైంది. ఒట్టు నీ తల మీదిది. ఇగ ఎవరేం చెప్పినా నాకొద్దు. నువ్వు చెప్పు, నమ్ముత. ఏం చూసినవ్?"

బాసిత్ చెయ్యి ఫరా తల మీదే ఆగిపోయింది. వాడు నన్ను చూశాడు. పాలు తాగిన రోజుల్లో చూసినట్టు చూశాడు. ఫరా మెల్లగా తల అడ్డంగా ఊపింది, వద్దు దాదీ అని. నా పిడికిట్లో రామన్న గింజ ఇంకా తడిగా ఉంది.

నేను నోరు తెరిచాను.

ఇక్కడ ఆపనీ బిడ్డా, ఊపిరి చాలడం లేదు, నేనేమన్నానో వచ్చే వారం చెబుతాను. నీవు మాత్రం ఇది మనసులో పెట్టుకో, మరిచిపోకు. అడిగినవాళ్లకు నీ నోటితో చెప్పు. చెప్పేటప్పుడు నేను చూసినంతే చెప్పు: అన్ని వరుసలూ లావుగా ఉన్నాయి, ఒక్కటి సన్నగా ఉంది. దాన్ని తెరిచింది ఎవరని అడిగితే, ఆ మాట కన్నతల్లి నోటి నుంచే రావాలని చెప్పు.